బొట్టు పెట్టిన మిషను

వేట నిషేధం రోజుల్లో మా పల్లిపాలెంలో మగాళ్ళకి కోపం ఎక్కువ, ఆడాళ్ళకి పని ఎక్కువ. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏప్రిల్ నడిమి నుంచి జూన్ నడిమి దాకా సముద్రం మీదకి పోనివ్వరు. పడవలన్నీ ఒడ్డున బారుగా పడుంటాయి. మగాళ్ళు వలలు బాగుచేస్తూ, బీడీలు కాలుస్తూ, కూరలో ఉప్పు తగ్గిందని పేచీలు పెడుతూ రెండు నెలలు గడుపుతారు. అంతర్వేదిలో పుట్టి పెరిగినదాన్ని, నాకివన్నీ కొత్త కాదు.

నేను చెప్పేది రెండేళ్ళ కిందటి నిషేధం సంగతి. ఆ ఎండల్లోనే నేను రాజోల్లో కరెంటు కుట్టుమిషను కొన్నాను. ఆ ఎండల్లోనే మా అత్త సత్తెమ్మ బొట్టు పెట్టడం మానేసింది. రెంటికీ సంబంధం ఉంది కాబట్టే చెబుతున్నాను.

కొత్త వస్తువు ఏది గడప దాటి లోపలికి వచ్చినా, దానికి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టందే మా అత్తకి అన్నం సయించదు. గ్యాసు పొయ్యికి పెట్టింది. సీలింగు ఫ్యానుకి స్టూలెక్కి మరీ మూడు రెక్కలకీ మూడు పెట్టింది. మా ఆయన లోవరాజు కొత్త ఫోను కొనుక్కొస్తే దానికీ పెట్టింది. పసుపు స్పీకరు చిల్లుల్లో ఇరుక్కుపోయి, నెల రోజులపాటు ఎవరు ఫోను చేసినా గోడ అవతల నుంచి మాట్లాడుతున్నట్టు వినపడేది. మేం పగలబడి నవ్వేవాళ్ళం. ఆవిడ మాత్రం, "ఫోను పాడవలేదు కదా!" అనేది.

నవ్వితే నవ్వాం గానీ, పేటలో ఎవరి కొత్త వల నీళ్ళు తాకాలన్నా, ఎవరి కొత్త పడవ దిగాలన్నా ముందు మా అత్తకే కబురు వచ్చేది. ఆవిడ చెయ్యి పడిన పడవలు ఒక్కోసారి ఖాళీగానే తిరిగొచ్చేవి. సముద్రం అన్నాక అంతే. కానీ మనుషులు మాత్రం తిరిగొచ్చేవారు. మాకు కావలసింది అదే.

ఇక మిషను సంగతి. పదహారేళ్ళు నేను తొక్కుడు మిషను మీదే కుట్టాను. వైశాఖం వచ్చిందంటే మలికిపురం నుంచీ మోరి నుంచీ పెళ్ళివారు లైనింగు జాకెట్లు నా దగ్గరికే తెచ్చేవారు. "దుర్గ కుడితే చంక దగ్గర ముడత పడదు" అని పేరు. ఆ పేరు ఊరికే రాలేదు, మోకాళ్ళు అరగదీసుకుంటే వచ్చింది. ఆ ఏడు ముహూర్తాలు మరీ ఎక్కువ. పాత మిషను ఇచ్చి కొత్త కరెంటు మిషను పట్టుకెళ్ళండని రాజోల్లో ఓ పెద్ద షాపువాళ్ళు కరపత్రాలు పంచితే, మా ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్ళి పాతది ఇచ్చేసి కొత్తది తెచ్చుకున్నాను.

అట్టపెట్టె విప్పేసరికి మా అత్త పసుపుగిన్నెతో సిద్ధంగా ఉంది.

"ఉండండత్తా, ముందు దారం ఎక్కించి చూస్తాను," అన్నాను.

"నీ దారం ఎక్కడికి పోద్దే? ముందు బొట్టు."

మిషను తలకి పెట్టింది. చక్రానికి పెట్టింది. మోటారుకి పెట్టింది. కింద పెడలు దగ్గరకి వచ్చి ఆగి, "ఇక్కడ కాలు ఆనుద్ది, పెట్టకూడదు," అని తనలో తనే అనుకుని లేచింది. తెల్లటి మిషను అది. షాపులో చూసినప్పుడు ఆస్పత్రి సామానులా ఉంది. పసుపు పడ్డాక మా ఇంటిదైంది.

ఆ ముచ్చట ఒక్క పూటే. మొదటి పట్టు జాకెట్టు ఎక్కించగానే కుట్టు దాటెయ్యడం మొదలెట్టింది. మూడు కుట్లు పడతాయి, నాలుగోది ఎగిరిపోతుంది. సూది మార్చాను. దారం మార్చాను. బాబిను విప్పి మళ్ళీ బిగించాను. పదహారేళ్ళు మిషను ముందు కూచున్నదాన్ని, తప్పు గుడ్డలో ఉందో, దారంలో ఉందో, మిషనులో ఉందో చెవితో విని చెప్పేస్తాను. ఇది మిషనులోదే. పుట్టుకతో వచ్చిన తప్పు.

మూడో రోజు పొద్దున్నే పెట్టెలో పెట్టి రాజోలు బయల్దేరాం. "నేనూ వస్తాను, ఆ షాపు చూడలేదు," అని మా అత్త కూడా ఎక్కింది. అంతర్వేది గుళ్ళో స్వామి కల్యాణానికి కట్టుకునే చీర కట్టుకుంది. దారి పొడుగునా ఆటో కుదుపులకి మిషను అదరకుండా పెట్టెని ఒళ్ళో పెట్టుకుని కూచుంది.

షాపులో చల్లగా ఉంది. మేనేజరు సూర్యప్రకాష్ అని ముప్పై ఏళ్ళ మనిషి, మర్యాదకేం లోటు లేదు. మా కోనసీమలో 'లేదు' అని చెప్పడానికి కూడా నాలుగు అండీలు కావాలి.

"ఆయ్, చెప్పండమ్మా."

"కుట్టు దాటుతోందండి. మొన్ననే తీసుకెళ్ళేం."

"అయ్యో, అలాగాండి! తియ్యండి, చూద్దామండి."

పెట్టె తీశాక అతని మొహం మారింది. వంగి అటు చూశాడు, ఇటు చూశాడు.

"ఇదేంటండీ?"

"బొట్టండి."

"అది తెలుసండి. అయితే వాడేసేరన్నమాట."

"వాడితేనే కదండీ తప్పు తెలిసింది?"

బిల్లు తిరగేసి చూపించాడు. చీమ తలకాయంత అక్షరాలు. ఏడు రోజుల్లో తెస్తే మారుస్తారట, పెట్టె పెట్టెలా ఉండాలట, వస్తువు మీద మరక గానీ గీత గానీ ఉండకూడదట.

"ఇది మరకా బాబూ?" అంది మా అత్త.

"కంపెనీవాళ్ళ లెక్కలో మరకేనండి మామ్మగారూ. మేం పంపితే వాళ్ళు వెనక్కి కొడతారండి. కావాలంటే రిపేరుకి పంపిస్తానండి, నలభై రోజులు పడుతుంది."

"నలభై రోజులకి ముహూర్తాలు అయిపోతాయండి. అయినా కొన్న మూడో రోజున రిపేరేంటండీ? నేను కుట్టిన జాకెట్టు పట్టకపోతే విప్పి మళ్ళీ కుట్టి ఇస్తాను. చెమట మరక ఉందని ఎవరినైనా వెనక్కి పంపేనా?"

"మీది మీ చేతిలో పనండి. మాది రూలండి."

అతని తల మీద గోడకి బోర్డు ఉంది. 'ఒకసారి అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు.' తీసుకోబడదట! ఎవరు తీసుకోరో అందులో లేదు. ఎవర్ని అడిగినా ఆ బోర్డు వైపే చూపిస్తారు, అది రాసినవాడు మాత్రం ఎక్కడా కనపడడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

సూర్యప్రకాష్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఒక పని చెయ్యండమ్మా. వెనకాల కుళాయి ఉంది. తడిగుడ్డతో శుభ్రంగా తుడిచేసి తెండి. నేను చూడనట్టు ఊరుకుంటాను."

పాపం, మంచికే చెప్పాడు. మా ఆయన అప్పటికే భుజం మీద తువ్వాలు తీశాడు.

మా అత్త మొహం అటు తిప్పుకుంది. మా పేటలో బొట్టు తుడవడం అనే మాట ఒక్క సందర్భంలోనే అంటారు. మొగుణ్ణి సముద్రం మీదకి పంపే ఇళ్ళలో ఆ మాట నోట్లోకి కూడా రానివ్వరు. నేను వెళ్ళి మిషను మీద చెయ్యి వేశాను.

"వద్దండి," అన్నాను మా ఆయనతో.

"ఏం వద్దు? తుడిస్తే మారుస్తానంటున్నారు కదా!"

"మారిస్తే బొట్టుతోనే మారుస్తారు. తుడిచి ఇవ్వను."

"పొగరా? ముహూర్తాలు దగ్గరికొచ్చేసినయ్, చేతిలో మిషను లేదు, నీకు పొగరు కావలిసొచ్చిందా?"

నేను చెయ్యి తియ్యలేదు. నన్ను ఏమీ అనలేక ఆ కోపం తల్లి మీదకి తిప్పాడు. "అంతా నీవల్లేనే అమ్మా! కంటికి కనపడ్డ ప్రతిదానికీ పసుపు పూసేస్తావు. నీ బొట్ల పిచ్చి మా నెత్తిమీదకి తెచ్చింది."

టీవీలు బేరమాడుతున్నవాళ్ళు కూడా మావైపు చూశారు. మా అత్త పసుపు పట్టిన తన వేళ్ళకేసి చూసుకుని, చేతిని చీరచెంగు లోపల పెట్టుకుంది. తిరుగు ఆటోలో కూడా పెట్టె ఆవిడ ఒళ్ళోనే ఉంది. చెయ్యి మాత్రం చెంగులోంచి బయటికి రాలేదు.

ఆ రోజు నుంచి మా అత్త బొట్టు పెట్టడం మానేసింది. తన మొహాన పెట్టుకుంటుంది, గడపకి రాస్తుంది, అంతే. కొత్త కుండ వచ్చింది, పెట్టలేదు. పక్కింటివాళ్ళు కొత్త సైకిలుకి పెట్టమని పిలిస్తే నడుం నొప్పి అని పడుకుంది. అంతలో మా మామగారు వెంకటస్వామి నెల రోజులుగా అల్లుతున్న వల పూర్తయింది. ఆయన దాన్ని వాకిట్లో పరిచి, ఎప్పటిలాగే, "సత్తెమ్మా, రా," అని పిలిచాడు.

"నా బొట్టు మరకంట. నువ్వే పెట్టుకో," అంది ఆవిడ లోపల్నుంచి.

ఆయనకి ఏమీ అర్థం కాలేదు. నన్ను అడిగితే జరిగింది చెప్పాను. ఆయన వల మడిచి అటక మీద పెట్టేసి, కొడుకుని పిలిచాడు.

"ఒరేయ్, నిషేధం ఎత్తేశాక పడవ దించేటప్పుడు బొట్టు ఎవరు పెడతారు?"

"ఎవరో ఒకరు పెడతారులే."

"అయితే ఎవరో ఒకరు బొట్టు పెట్టిన పడవెక్కి నువ్వే ఎల్లు. నేను రాను. వల కూడా రాదు."

తప్పు చేశానని లోవరాజుకీ తెలుసు. మా ఇంట్లో తప్పు ఒప్పుకోవడం ఎవరికీ చేతకాదు, నాతో సహా. తల్లి కళ్ళలోకి చూడడానికి మొహం చెల్లక, భోజనానికి కూడా ఆలస్యంగా వచ్చేవాడు. ఆవిడ కంచంలో వడ్డించి లోపలికి వెళ్ళిపోయేది. నిషేధం అయ్యేలోగా ఆ చేతిని మళ్ళీ బయటికి రప్పించాలి, లేకపోతే మా పడవ దిగదు. మిషను సంగతి అప్పటికి నాకు రెండోది అయిపోయింది.

కంపెనీ నంబరుకి ఫోను చేశాను. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంది. నొక్కాను. అరగంట పాట వినిపించి, మీరు కొన్న షాపులో అడగండి అంది. షాపుకి మళ్ళీ వెళ్ళాను, ఒక్కదాన్నే, బస్సులో. ఈసారి నా కళ్ళు ఊరుకోలేదు. బిల్లులు కొట్టే కంప్యూటరు మీద ఎండిపోయిన మూడు బొట్లు కనిపించాయి.

"మరి ఇదేంటండీ సూర్యప్రకాష్ గారూ? మరకేనా?"

అతను చూసి, నవ్వి, "అది షాపుదండి. షాపు వస్తువు ఎవరూ వాపసు ఇవ్వరు కదండీ!" అన్నాడు.

నేను సంచి తీసుకుని బయటికి వచ్చేశాను. బస్సెక్కాక మలికిపురం దాటేవరకూ జవాబులు వస్తూనే ఉన్నాయి, ఒకదాన్ని మించి ఒకటి. ఏం లాభం? వాటిని కండక్టరుకి చెప్పుకోవాలి.

మోరి పెళ్ళివారికి ఫోను చేసి గుడ్డలు వెనక్కి పట్టుకెళ్ళమని చెప్పాను. చేతికి తీసుకున్న గుడ్డ కుట్టకుండా తిరిగి ఇవ్వడం నా జన్మలో అదే మొదటిసారి. ఆ పెళ్ళికూతురు నిఖిత మంచి పిల్ల. "పర్లేదండి అక్కా, తుడిచేసి మార్చుకోవాల్సింది," అంది. మడతపెట్టిన గుడ్డల్నే మళ్ళీ విప్పి మడతపెట్టి ఇచ్చాను. అయినా తుడవాలని మాత్రం అనిపించలేదు. అది నా పొగరే అయితే అయింది. ఆ పొగరు లేకపోతే నేను ఈ కథ తలెత్తుకుని చెప్పగలిగేదాన్ని కాదు.

మే నెలాఖర్లో మూడోసారి వెళ్ళినప్పుడు సూర్యప్రకాష్‌కే విసుగొచ్చింది. "నన్నేం చెయ్యమంటారండీ? రూలు నేను పెట్టలేదండి. మా ఓనరు అమ్మిరాజు గారు శుక్రవారం పొద్దున్న వస్తారండి. ఆయన్నే అడగండి."

అమ్మయ్య, బోర్డు రాసినవాడికి ఒక పేరు దొరికింది.

శుక్రవారం బయల్దేరదీద్దామంటే మా అత్త ససేమిరా అంది. "నేను రాను. నన్ను చూస్తే మళ్ళీ ఆ మాట అంటాడు."

"మీరు మాట్లాడక్కర్లేదత్తా. ఆటోలో మిషను పట్టుకుని కూచోడానికి మనిషి కావాలి. నా ఒక్కదానివల్ల అవుద్దా?"

మిషను కోసం వచ్చింది. నాకోసమైతే వచ్చేది కాదేమో.

మేం దిగేసరికి షాపు ముందు హడావిడిగా ఉంది. సామాను ఇళ్ళకి చేర్చడానికి షాపువాళ్ళు కొత్త ట్రాలీ ఆటో కొన్నారు. బంతిపూల దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, గుమ్మడికాయ దగ్గర పెట్టుకున్నారు. పంతులుగారు వర్జ్యం వచ్చేస్తోందని తొందరపెడుతున్నారు. అమ్మిరాజు గారు, తెల్లచొక్కా, బట్టతల, భారీ మనిషి, ఫోనులో విసుక్కుంటున్నారు. ఆయన భార్య మోకాలు పట్టేసి ఇంటి మెట్లే దిగలేకపోయిందట. బొట్టు పెట్టేవాళ్ళు లేరు.

ఫోను పెట్టేసి తల తిప్పేసరికి ఎదురుగా మా అత్త. నుదుట రూపాయంత బొట్టు, కాళ్ళకి పసుపు.

"అమ్మా, పెద్ద ముత్తైదువలా ఉన్నారు, దేవుడు పంపినట్టు వచ్చేరు. మీ చేత్తో ఈ బండికి కాస్త బొట్టు పెట్టి వెళ్ళండమ్మా," అని పసుపుకుంకాల పళ్ళెం ముందుకి చాపారు.

ఆయన వెనకాల నిలబడిన సూర్యప్రకాష్ మొహంలో నెత్తురు చుక్క లేదు.

మా అత్త ఒక అడుగు వెనక్కి వేసింది. "వద్దు బాబుగారూ."

"అదేంటమ్మా?"

"నేను పెడితే మరకైపోద్దంటండి. కొత్త బండి. రేప్పొద్దున్న ఏదన్నా తేడా వస్తే కంపెనీవోళ్ళు మార్చి ఇవ్వరండి."

మా అత్తకి ఎత్తిపొడుపు మాటలు రావు. నిజంగా ఆ బండికి ఏమవుతుందోనని భయపడి చెప్పింది. పంతులుగారు మంత్రం మధ్యలో ఆగిపోయారు. అమ్మిరాజు గారు పళ్ళెం అలాగే పట్టుకుని నిలబడ్డారు.

"ఎవరన్నారమ్మా ఆ మాట?"

మా అత్త సూర్యప్రకాష్ వైపు ఒకసారి చూసింది.

"ఎవరూ అనలేదు బాబూ. మీ కాయితం మీద ఉందంటండి," అంది.

అప్పుడు ఆయన నా చేతుల్లో ఉన్న పెట్టెని చూశారు. చినిగిన అట్ట సందులోంచి మిషను తల, దాని మీద ఎండిన పసుపు కనపడుతున్నాయి. కుట్టు దాటుతోందని చెప్పి, నేను బిల్లు తీసి ఇచ్చాను. ఆయన దాన్ని తిరగేసి, కళ్ళజోడు పెట్టుకుని, పెదాలు కదుపుతూ మొత్తం చదివారు.

"ఇది నేనేగా అచ్చు వేయించింది," అన్నారు, తనలో తను అనుకున్నట్టు. "ఎవరిదో కాయితం చూసి అలాగే కొట్టించేశాం. చదవలేదు."

"వర్జ్యం వచ్చేస్తోందండి," అన్నారు పంతులుగారు.

"ఉండండి." పళ్ళెం మళ్ళీ మా అత్త ముందుకి చాపారు. ఈసారి రెండు చేతులతో. "ఈ బండి నేను వాపసు ఇచ్చేది కాదమ్మా. మీరు పెట్టండి. కావాలంటే ముందు మీ మిషను మార్పిస్తాను, తరవాతే పెడుదురుగాని."

"దానికీ దీనికీ ఏం సంబంధం బాబూ?" అంది మా అత్త. "బొట్టు అడిగితే లేదనకూడదు."

చెంగులోంచి చెయ్యి బయటికి తీసింది. మొదటి బొట్టు కనపడీ కనపడనంత పెట్టింది. రెండోది రూపాయంత. అద్దానికి పెట్టింది, లైట్లకి పెట్టింది, తలుపులకి రెండువైపులా పెట్టింది. పళ్ళెంలో పసుపు అయిపోతే, "ఇంకాస్త తెండి," అంది. ఆ నలుగురిలో నిలబడి, ఈవిడ మా అత్త అని అరిచి చెప్పాలనిపించింది. చెప్పాను కూడా. ఎవరూ అడక్కుండానే పక్కనున్న డ్రైవరుతో, "మా అత్తండి," అన్నాను.

లోపల సూర్యప్రకాష్ గొణిగాడు. "పెట్టె చినిగింది సార్. ఏడు రోజులు కూడా దాటిపోయింది. పైగా ఆ బొట్టు..."

"ఆవిడ మొదట ఎన్నో రోజున వచ్చేరు?"

"మూడో రోజున సార్."

"అయితే మూడో రోజే. మార్చు. బొట్టుతోనే తీసుకో. ఎవరైనా ఏమైనా అంటే నాకు ఫోను చెయ్యమను."

కొత్త మిషను బల్ల మీద పెట్టించి, నా సంచిలోంచి పట్టుముక్క తీసి, అక్కడే కుట్టి చూశాను. అంగుళం, జానెడు, మూర. ఒక్క కుట్టు దాటలేదు. సూర్యప్రకాష్ పక్కకి వచ్చి చిన్నగా అన్నాడు: "ఎందుకైనా మంచిదండి, ఏడు రోజులు ఆగి బొట్టు పెట్టుకోండమ్మా."

"అత్తా, ఇలా రండి," అని పిలిచాను. "దీనికి పెట్టెయ్యండి. ఇక్కడే."

"ఇక్కడా?"

"ఇక్కడే."

సూర్యప్రకాష్ బయటికి వెళ్ళి కుంకుమభరిణె తనే తెచ్చి మా అత్త చేతికి ఇచ్చాడు. ఆవిడ తలకి, చక్రానికి, మోటారుకి పెట్టింది. పెడలుకి పెట్టలేదు.

"ఇంక వాపసు కుదరదండి," అన్నాడు అతను, నవ్వుతూనే.

"తేనండి," అన్నాను.

మలికిపురం దాకా నేనూ మా అత్తా నవ్వుతూనే ఉన్నాం. ఆ సాయంత్రమే నిఖితకి ఫోను చేశాను. పెళ్ళికి ఇంకా పది రోజులుంది, పక్కన ఎవరికో ఇచ్చిన గుడ్డలు వాళ్ళ దగ్గర్నుంచి లాక్కుని మరీ తెచ్చి ఇచ్చింది. పదకొండు జాకెట్లు ఎనిమిది రోజుల్లో కుట్టి పంపాను. ఒక్కటీ తిరిగి రాలేదు.

ఇంట్లో మాత్రం సంగతి ఇంకా తెమల్లేదు. వల అటక మీదే ఉంది. షాపులో జరిగింది నేను పూసగుచ్చినట్టు చెబితే మా ఆయన తల వంచుకుని విన్నాడు. మామగారు మీసం దువ్వుకున్నాడు. మా అత్త ఒక్కటే అంది: "అడిగితే లేదనను." ఎవరు అడగాలో చెప్పలేదు. చెప్పక్కర్లేదు.

"అడగండి. నోరు అరిగిపోదు," అన్నాను మా ఆయనతో. రెండు వారాలు గడిచాయి. ఆయన నోరు అరగలేదు, కదల్లేదు కూడా.

నిషేధం ఎత్తేసిన పొద్దున్న పేటంతా ఒడ్డునే ఉంది. తెల్లవారుతోంది. గోదారి సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ళ గట్టు వైపు నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఒక్కొక్క పడవా దిగుతోంది, ఇంజన్లు మోగుతున్నాయి, మా పడవ మాత్రం ఇసుకలోనే ఉంది. మామగారు వల తేలేదు. చేతులు కట్టుకుని దూరంగా నిలబడ్డాడు. మా అత్త నా పక్కనే ఉంది, చెయ్యి చెంగులోనే.

లోవరాజు పడవ చుట్టూ రెండుసార్లు తిరిగాడు. బిగించి ఉన్న తాడునే మళ్ళీ బిగించాడు. తరవాత గబగబా ఇంటివైపు నడిచాడు. తిరిగొచ్చినప్పుడు చేతిలో పసుపుగిన్నె ఉంది. పసుపు తనే కలిపినట్టున్నాడు, నీళ్ళెక్కువై మణికట్టు మీదుగా కారుతోంది. పేటలో మగాడు పసుపుగిన్నె పట్టుకుని నలుగురిలో నడవడం నేనెప్పుడూ చూడలేదు. మా ఆయనా ఎవరివైపూ చూడకుండానే వచ్చాడు. తల్లి ముందు నిలబడ్డాడు.

"పెట్టమ్మా," అన్నాడు.

మా అత్త గిన్నెలోకి చూసింది. "ఇదేం కలపడంరా, చారులా ఉంది," అంది. తరవాత కొడుకు మొహంలోకి చూసింది. "బాగా ఆలోచించుకో. తరవాత మరకంటే కుదరదు."

"అననే. ఇంకెప్పుడూ అనను."

మామగారు అప్పటికే వల కోసం ఇంటికి పరిగెడుతున్నాడు, ఆ వయసులో.

మా అత్త చీరచెంగు నడుముకి దోపుకుని పడవ ముందుకి వెళ్ళింది. నీళ్ళెక్కువైన ఆ పసుపు ఎంత రాసినా జారిపోతుంటే, మళ్ళీ తీసి మళ్ళీ రాసింది. రెండు నెలల బాకీ అంతా ఒకేసారి తీర్చినట్టు పడవ ముక్కు మొత్తం పసుపు చేసి, దాని మీద అరచేతి మందాన బొట్టు పెట్టింది. తరవాత తిరిగి వలకి పెట్టింది, ఇంజనుకి పెట్టింది, కొడుకు నుదుట పెట్టింది.

పడవ దిగింది. ముక్కు మీద తెల్లరంగుతో రాసిన పడవ నంబరులో సగం పసుపు కింద మాయమైపోయింది. గస్తీవాళ్ళు ఆపితే నంబరు కనపడదేమోనని ఎవరో ఒడ్డున అన్నారు. పడవలో నిలబడ్డ లోవరాజు ఆ మాట విన్నాడు. మా ఆయన భుజం మీద తువ్వాలు ఉంది. తుడవలేదు.